జీరో ఎర్రర్

మన కాలేజీ తెలుగు క్లబ్ పిల్లలు మెయిల్ పెట్టారు. "అక్కా, ఈసారి సంచికకి మీరు తప్పకుండా రాయాలి. అమెరికాలో ఇంజనీర్‌గా మీ అనుభవాలు చెప్తే మాకు పనికొస్తాయి" అని. చిక్కంతా అక్కడే వచ్చింది. నేను అమెరికాలో ఇంజనీర్‌ని కాను. 2002లో మన కాలేజీలోనే ఈసీఈ పూర్తి చేశాను, ఆ మాట నిజమే. కానీ ఇప్పుడు కాలిఫోర్నియాలో ఒక హైస్కూల్లో, చరిత్ర క్లాసులో, టీచర్‌కి సహాయకురాలిని. ప్యాకేజీల గురించి, ఇంటర్వ్యూల గురించి చదువుదామని వచ్చినవాళ్ళు తర్వాతి పేజీకి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను. ఉన్నవాళ్ళకి ఒక క్లాసులో జరిగిన సంగతి చెప్తాను. అది మన హాస్టల్ దాకా వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

2010లో మా ఆయన హెచ్‌1బీ మీద, నేనూ మా నాలుగేళ్ళ పాపా హెచ్‌4 మీద ఇక్కడికి వచ్చాం. హెచ్‌4 అంటే డిపెండెంట్. ఉద్యోగం చెయ్యకూడదు. అయిదేళ్ళు అలాగే గడిచాయి. 2015లో గ్రీన్‌కార్డు వరసలో ఒక దశ దాటినవాళ్ళ భార్యలూ భర్తలూ పనిచేసుకోవచ్చని కొత్త నిబంధన వచ్చింది. మా వంతు వచ్చి కార్డు చేతికి అందేసరికి, నా డిగ్రీకి పదమూడేళ్ళు నిండాయి. మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో నేర్చుకున్నది ఎవరికి చూపించను? ఇంటి పక్క స్కూల్లో, ఇంగ్లీషు ఇంకా సరిగ్గా రాని పిల్లల పక్కన కూర్చుని చదివించే పని ఉందంటే చేరాను. వాళ్ళు నన్ను చరిత్ర క్లాసులో వేశారు.

నాకు చరిత్ర అంటే పదో తరగతి సోషల్. కారణాలు అయిదు, ఫలితాలు అయిదు, అండర్‌లైన్ చేస్తే అర మార్కు ఎక్కువ. అందుకే మొదటి వారం ఆ టీచర్ పాఠ్యపుస్తకం ముట్టుకోకుండా, ఒక్కో బల్ల మీద రెండు కాగితాలు పెట్టి ఊరుకుంటే నాకు విచిత్రంగా అనిపించింది.

ఆ రెండు కాగితాలూ 1775 ఏప్రిల్ 19 ఉదయం లెక్సింగ్టన్ అనే ఊళ్ళో జరిగిన కాల్పుల గురించి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అక్కడే మొదలైంది. ఒకటి బ్రిటిష్ లెఫ్టినెంట్ జాన్ బార్కర్ డైరీలో ముక్క. వాళ్ళే ముందు ఒకటి రెండు గుళ్ళు పేల్చారు, అప్పుడు మావాళ్ళు ఆర్డరు లేకుండానే విరుచుకుపడ్డారు అంటాడు. రెండోది ఆ ఊరివాళ్ళు 34 మంది, ఆరు రోజుల తర్వాత, మేజిస్ట్రేట్ల ముందు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం. మేం వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంటే మా మీద కాల్చారు అంటారు వీళ్ళు. ప్రశ్న ఒక్కటే: ముందు ఎవరు కాల్చారు?

పిల్లలు వెంటనే రెండు పార్టీలైపోయారు. ఆయన చెయ్యెత్తి ఆపి, "ఎవరూ ఇంకా చదవకండి. ముందు కాగితం కింద ఏం రాసుందో చూడండి. ఎవరు రాశారు? ఎప్పుడు? ఎవరు చదవాలని రాశారు? అలా రాస్తే వాళ్ళకి ఏం కలిసొస్తుంది?" అన్నాడు. డైరీ ఎవరి కోసం? ప్రమాణం చేసిన వాంగ్మూలం ఎవరి కోసం? ఆ వాంగ్మూలాల్ని ఓడ మీద లండన్ పంపించారని తెలిశాక, పిల్లలు వాటిని చదివిన తీరే మారిపోయింది.

ఈ పద్ధతి ఆయన సొంతం కాదు. శామ్ వైన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇవే లెక్సింగ్టన్ కాగితాల్లాంటివి ఎనిమిది మంది చరిత్రకారులకీ, ఎనిమిది మంది హైస్కూలు పిల్లలకీ ఇచ్చి, చదువుతూ మనసులో అనుకున్నదల్లా పైకి చెప్పమన్నాడు. 1991లో ఆ పరిశోధన అచ్చయింది. పిల్లలు మొదటి వాక్యం నుంచి చివరిదాకా చదివారు, పాఠం చదివినట్టే. చరిత్రకారులు ముందు ఎవరు రాశారో చూసి, తర్వాత చదివారు. తేడా తెలివిలో లేదు, అలవాటులో ఉంది. తర్వాత స్టాన్‌ఫోర్డ్‌లో ఆయన బృందం ఈ అలవాటు నేర్పే పాఠాలు తయారుచేసి ఉచితంగా పెట్టింది. నేషనల్ ఆర్కైవ్స్ 'డాక్స్‌టీచ్' పేరుతో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన సైట్లో, టీచర్ల కోసం ఇలాంటి మూలపత్రాలు వేలల్లో పెట్టాయి. ఉత్తరాలు, కోర్టు తీర్పులు, ఫొటోలు, దరఖాస్తులు, ఓడల్లో వచ్చినవాళ్ళ జాబితాలు.

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్ గుర్తుందా? స్క్రూగేజ్ చేతికిస్తే తీగ మందం కొలవకముందే జీరో ఎర్రర్ చూడాలి. పరికరం ఏమీ కొలవనప్పుడే ఎటు పక్కకి ఎంత తప్పు చూపిస్తుందో తెలిస్తే, ఆ తర్వాత దాని లెక్కని సరిచేసుకోవచ్చు. తప్పున్న పరికరాన్ని పారేయం కదా. కాగితమూ అంతే అని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధాల కాగితమని పక్కన పెట్టెయ్యకూడదు, ఎటు వైపు ఎంత వంగిందో చూసుకుని చదవాలి. ఇంజనీరింగు చదివినందుకు ఇక్కడ పనికొచ్చింది అని పొంగిపోయాను కూడా.

ఇక అసలు సంగతి. 2023 ఫిబ్రవరి. పదకొండో తరగతి. ఆ నెల 19కి భగత్ సింగ్ థింద్ తీర్పుకి సరిగ్గా వందేళ్ళు. ఆ పాఠం పెడదామని టీచర్‌ని అడిగింది నేనే.

థింద్ పంజాబ్ నుంచి వచ్చిన సిక్కు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరాడు. తలపాగాతో, యూనిఫాంలో, తోటి సైనికుల మధ్య నిలబడిన ఫొటో ఉంది. అప్పటి చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్ళలో పౌరసత్వం ఎవరికివ్వొచ్చంటే, 1790 నుంచీ 'స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్ళకి', 1870 నుంచి ఆఫ్రికా మూలాలున్నవాళ్ళకి కూడా. ఈ రెంటి మధ్య ఉన్న ఆసియావాళ్ళకి దారి లేదు. థింద్ తను తెల్లవాడినే అని వాదించాడు. కింది కోర్టు పౌరసత్వం ఇచ్చింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు, కేసు సుప్రీంకోర్టుకి చేరింది. అంతకు మూడు నెలల ముందే, 1922 నవంబరులో, టకావో ఒజావా అనే జపాన్ ఆయన కేసులో ఇదే కోర్టు, తెల్లవాడంటే కాకేషియన్ అని చెప్పి ఆయన్ని కాదంది. థింద్ వచ్చి, శాస్త్రం ప్రకారం నేను కాకేషియన్నే కదా అంటే, 1923 ఫిబ్రవరి 19న, శాస్త్రం సంగతి మాకెందుకు, మామూలు మనిషి తెల్లవాడని ఎవర్నంటాడో వాడే తెల్లవాడు అని తీర్పిచ్చింది. ఆ తర్వాత, అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల దగ్గర్నుంచి కూడా దాన్ని వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. అలా పోగొట్టుకున్నవాళ్ళలో శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకున్న వైష్ణోదాస్ బగాయ్ ఒకడు. 1928లో ఆత్మహత్య చేసుకుంటూ ఆయన రాసిన ఉత్తరం పత్రికలో వచ్చింది. భారతీయులు మళ్ళీ పౌరులు కావడానికి 1946 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ పాఠం నేనెందుకు అడిగానో దాచుకోను. మా గ్రీన్‌కార్డు వరస అప్పటికి పదేళ్ళు దాటింది. ఒక్కో దేశానికి ఏడాదికి ఏడు శాతం మించకూడదన్న లెక్క వల్ల మనవాళ్ళ వరస కదలదు. మా అమ్మాయికి 21 ఏళ్ళు నిండితే మా డిపెండెంట్‌గా ఉండే హక్కు పోతుంది. నాలుగో ఏట వచ్చి, ఈ ఊరినే సొంతూరనుకునే పిల్ల. మా బాధ ఎవరికీ పట్టదు, కనీసం ఈ క్లాసులో ముప్ఫై మందికైనా తెలియాలి అనుకున్నాను. థింద్ కథ నాకు మా కథలాగే కనిపించింది.

రాత్రుళ్ళు కూర్చుని కాగితాలు వెతికాను. 1790 చట్టంలో మొదటి సెక్షను, రెండు తీర్పుల్లో చెరో పేరా, బగాయ్ ఉత్తరం, ఆ సైనికుడి ఫొటో. టీచర్ అన్నీ చూసి, చాలా బాగున్నాయన్నాడు. మర్నాడు క్లాసులో చూస్తే కట్టలో ఇంకొక కాగితం చేరింది. థింద్ తరఫు లాయర్లు సుప్రీంకోర్టుకి ఇచ్చిన వాదన పత్రంలో ఒక ముక్క.

నేను అది అంతకుముందు చదవలేదు. అందులో ఉన్నది ఇదీ: ఈయన అగ్రకులంవాడు, ఆర్యుల రక్తం కలుషితం కాకుండా వచ్చింది. పెళ్ళి సంబంధాల వరకూ చూస్తే, అగ్రకుల హిందువు తన దేశంలోని ఆదిమ జాతులవాళ్ళని ఎలా చూస్తాడో, అమెరికన్ నీగ్రోని అలాగే చూస్తాడు. అంటే మేమూ మీలాంటివాళ్ళమే, కిందివాళ్ళని దూరంగా పెట్టడంలో మనిద్దరిదీ ఒకటే పద్ధతి అని కోర్టుకి నచ్చజెప్పడం అన్నమాట.

మూడో బల్ల దగ్గర ఒక ఆఫ్రికన్ అమెరికన్ అమ్మాయి ఆ వాక్యం రెండుసార్లు చదివింది. రెండోసారి పైకి చదివింది. క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఒకబ్బాయి, "ఇతను తలుపు అందరికీ తియ్యమనలేదు, నన్నొక్కణ్ణి లోపలికి రానివ్వమన్నాడు" అన్నాడు. టీచర్ వెంటనే, "ఆ కోర్టులో, ఆ చట్టం ముందు, ఇంకే వాదనకి వీలుందో కూడా ఆలోచించండి. తెల్లవాడినని రుజువు చేసుకోవడమొక్కటే దారి" అన్నాడు. అదీ నిజమే. కొంతసేపు వాదించుకున్నారు. అప్పుడా అమ్మాయి చెయ్యెత్తి, "అగ్రకులం అంటే ఏంటి? ఇప్పుడూ ఉందా?" అని అడిగింది.

టీచర్ నా వైపు చూశాడు. ముప్ఫై జతల కళ్ళు నా వైపు తిరిగాయి.

నేను చెప్పాను. అది పాతకాలపు వ్యవస్థ, మొదట్లో వృత్తుల్ని బట్టి ఏర్పడింది, 1950లో మా రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది, ఇప్పుడు చదువుకున్నవాళ్ళు ఎవరూ పట్టించుకోరు అని. సోషల్ పరీక్షలో అయిదు మార్కుల జవాబులాగా గడగడా చెప్పేశాను. టీచర్ ఏమీ అనలేదు. ఆ అమ్మాయి మాత్రం, "మరి మీరు పైవాళ్ళా, కిందవాళ్ళా?" అంది. ఎగతాళి లేదు, కోపం లేదు. లెక్సింగ్టన్ కాగితం కింద పేరు చూసినంత మామూలుగా అడిగింది. ఆర్నెల్లుగా మేం నేర్పింది అదే కదా, చెప్పినవాళ్ళెవరో చూడకుండా చెప్పింది నమ్మొద్దని.

గంట కొట్టారు. గంట కొట్టినందుకు అంత సంతోషపడ్డది మన కాలేజీలో సిగ్నల్స్ వైవా అయిపోయినప్పుడు కూడా లేదు.

మా అమ్మాయిదీ అదే స్కూలు. అదే టీచర్ దగ్గర నాలుగో పీరియడ్. సాయంత్రం కార్లో కూర్చోగానే, "అమ్మా, సెకండ్ పీరియడ్‌లో నిన్ను అడిగారటగా? ఏం చెప్పావ్?" అంది. ఏదో చెప్పాన్లే అన్నాను. కొంత దూరం వెళ్ళాక, "ఇంతకీ మనమేంటి?" అంది. దానికి తెలియదు. మేం చెప్పలేదు, చెప్పకపోవడం గొప్పే అనుకున్నాం. తెలియకుండా బతకగలగడం కూడా పైవాళ్ళకే కుదిరేదని ఎప్పుడూ తట్టలేదు.

ఆ రాత్రి సర్టిఫికెట్ల ఫైలు తీశాను. డిగ్రీ మార్కుల లిస్టుల వెనకాల 2003లో నాన్న టైపు చేయించిన నా పెళ్ళి బయోడేటా ఉంది. పేరు, పుట్టిన తేదీ, మూడో లైన్లో కులం. చదువు ఆరో లైన్లో. పెళ్ళి సంబంధాల వరకూ చూస్తే అన్న ఆ లాయర్ల మాట అప్పుడు గుర్తొచ్చింది. వందేళ్ళ కిందటి కాగితం, ఇరవై ఏళ్ళ కిందటి నా కాగితం, రెండూ పక్కపక్కన పెడితే నేను క్లాసులో చెప్పిన జవాబు నిలబడలేదు.

ఒకటి గుర్తొస్తే మిగిలినవీ వస్తాయి. మా అమ్మమ్మగారింట్లో పశువుల్ని చూసుకునే పాలేరుకి వేరే అల్యూమినియం గ్లాసు ఉండేది. ప్రహరీ గోడ గూట్లో బోర్లించి ఉంచేవాళ్ళు. తనే తీసుకునేవాడు, తనే కడిగి పెట్టేవాడు. అమ్మమ్మ కాఫీ పైనుంచి పోసేది, గ్లాసుకి తగలకుండా. వేసవి సెలవుల్లో నేను పోసినప్పుడు కూడా అలాగే పోశాను. ఎవరూ నేర్పలేదు, చూసి వచ్చేసింది.

ఇక మన హాస్టల్. 1998, మొదటి వారం. రూమ్మేట్ పెట్టె దించుకుంటుంటే నేనడిగిన మొదటి ప్రశ్న, "ఎంసెట్‌లో నీ ర్యాంక్ ఎంత?" మీలో చాలామందికి ఆ ప్రశ్న తెలుసు. అడిగేది ర్యాంక్ కాదని అడిగినవాళ్ళకీ తెలుసు, జవాబు చెప్పేవాళ్ళకీ తెలుసు. ఆమె చెప్పింది. నేను "ఓహో" అన్నాను. ఆ 'ఓహో' తర్వాత నాలుగేళ్ళూ ఆమె నా దగ్గర నోట్స్ ఒక్కసారి కూడా అడగలేదు. చివరి సంవత్సరం ఆమెకి నాకన్నా ఎక్కువ శాతం వచ్చింది. అప్పుడైనా నేను ఆమెతో ఏమీ అనలేదు.

పొద్దున్నే టీచర్‌ని అయిదు నిమిషాలు అడిగాను. సెకండ్ పీరియడ్‌లో నిలబడి, "నిన్న నేను చెప్పింది సగమే. నేనూ ఒక సోర్స్‌నే కదా, కింద పేరు రాయడం మర్చిపోయాను" అన్నాను. పైకులంలో పుట్టానని చెప్పాను. గ్లాసు గురించి చెప్పాను. ర్యాంక్ ప్రశ్న గురించి, బయోడేటాలో మూడో లైను గురించి చెప్పాను. ఇప్పుడూ ఉందా అంటే, ఉంది అని చెప్పాను. నాకు థింద్ కథ ఎందుకు కావలసి వచ్చిందో, అందులో నేను ఏది చూడదలచుకోలేదో కూడా చెప్పాను. నా ఇంగ్లీషు మధ్యమధ్యలో తడబడింది. ఎవరూ నవ్వలేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. థింద్‌కి జరిగింది అన్యాయమే. 1936లో, మాజీ సైనికుల కోసం వచ్చిన చట్టం కింద ఆయన ఎట్టకేలకు పౌరుడయ్యాడు, అది న్యాయమే. మా అమ్మాయి వరసలో ఇరుక్కోవడమూ అన్యాయమే. కానీ అన్యాయం జరిగినంత మాత్రాన చేతులు శుభ్రంగా ఉన్నట్టు కాదు. పాఠ్యపుస్తకం రెండు లైన్లలో థింద్ గురించి చెబితే, బాధితుడన్న మాట దగ్గరే ఆగిపోతుంది, చదివినవాళ్ళకి హాయిగా ఉంటుంది. ఆయన పక్షం కాగితమే చేతికొస్తే అలా ఆగడం కుదరదు. మూలపత్రాలతో పాఠం చెప్పడం వల్ల పిల్లలకి ఎక్కువ తేదీలు రావు, నిజం చెప్పాలంటే తక్కువే వస్తాయి. ఒక పీరియడ్‌లో ఒక కాగితం కన్నా ఎక్కువ నడవదు. కానీ అడగాల్సిన ప్రశ్న ఎవర్నైనా అడగడం వస్తుంది, ఎదురుగా ఉన్నది టీచరైనా.

ఆ క్లాసులో ప్రతి కాగితానికీ ఒక షీట్ నింపాలి. చివరి గడిలో 'ఈ పత్రం ఏం చెప్పడం లేదు?' అని ఉంటుంది. ఆ వారం షీట్లు సర్దుతుంటే ఆ మూడో బల్ల అమ్మాయిది చేతికొచ్చింది. థింద్ పత్రం గురించి రాయకుండా, నా గురించి రాసింది. 'ఆ గ్లాసుతో తాగినాయన రాసిన కాగితం మన కట్టలో లేదు' అని.

ఆ గడి చూశాక తెలిసింది, నాకు ఆయన పూర్తి పేరు కూడా తెలియదని. ముద్దుపేరు లాంటి ఒక పిలుపు తెలుసు, అంతే.

ఆదివారం నాన్నకి ఫోన్ చేశాను. "అమ్మమ్మ వాళ్ళింట్లో పశువులు చూసేవాడే, ఆయన పేరేంటి నాన్నా?"

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ?"

"రాసుకుందామని."

చాలాసేపు ఆలోచించి చెప్పాడు. ఇంటిపేరు మాత్రం గుర్తు రాలేదు. "వాళ్ళ మనవడు విజయవాడలో ఏదో ఉద్యోగం చేస్తున్నాడు, కనుక్కుంటాలే" అన్నాడు. ఇంకా కనుక్కోలేదు, నేను ప్రతి ఆదివారం అడుగుతున్నాను. ఆ పేరు ఇక్కడ రాయను. వాళ్ళ ఇంటివాళ్ళని అడగకుండా రాసే హక్కు నాకు లేదు. నా దగ్గర ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కింద ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, చెప్పినాయన ఆ ఇంటికి ఏమవుతాడు, అన్నీ రాశాను.

క్లబ్ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు ఉపయోగపడేది రాయమన్నారు. నాకు తెలిసింది ఇదే. కొత్త బ్యాచ్ వచ్చే నెలలో హాస్టల్‌కి వస్తుంది. పెట్టెలు దించుకుంటుంటారు. మొదటి ప్రశ్న ఏం అడుగుతారో కాస్త చూసుకోండి. నా రూమ్మేట్ ఈ సంచిక చదువుతుందో లేదో తెలియదు. చదివితే, ఆ 'ఓహో' అన్నది నేనేనని కింద సంతకం పెట్టి చెప్తున్నాను.

— ఈసీఈ, 1998–2002 బ్యాచ్